పదకొండో నియమం

పోయిన వారం మనం ఆగేసరికి ఎలిజబెత్ ముగ్గుపిండి గీత లోపల కూర్చుని ఉంది. ఇంకా అక్కడే ఉంది.

గీత పెద్దదేం కాదు. గుణదలలో, ఏలూరు రోడ్డు మీద కండక్టర్ల అరుపు వినపడేంత దగ్గరున్న ఒక పెంకుటింటి హాల్లో, గచ్చు మీద గుండ్రంగా గీసింది. అందులో రెండు చాపముక్కలు, మధ్యలో ఒక ఇత్తడి గ్లాసు, గ్లాసులో ఇరవై గవ్వలు. ఒక చాప మీద ఎలిజబెత్. ఎదుటి చాప మీద ఆవిడ అత్తగారు సంపూర్ణమ్మ. జూన్ నెల ఆదివారం, మధ్యాహ్నం రెండున్నర. కరెంటు పోయి ముప్పావుగంట అయింది.

పందెం గన్నవరంలో ఒక బడి. ఎలిజబెత్‌కి అక్కడ లెక్కల టీచరుగా ఉత్తర్వు వచ్చింది. సోమవారం, అంటే మర్నాడే, ఉదయం పదింటిలోపు చేరకపోతే రద్దు. పదకొండేళ్ళ కాపురంలో ఆమెకు వచ్చిన మూడో ఉద్యోగం అది. మొదటిది అత్తగారి మోకాళ్ళకూ, రెండోది అత్తగారి జ్వరానికీ పోయాయి. వచ్చే నెలతో ఎలిజబెత్ వయసు హద్దు దాటుతుంది కాబట్టి నాలుగోది రాదు. ఈసారి సంపూర్ణమ్మకు జ్వరం రాలేదు. "ఎందుకమ్మా గొడవ, నీ ఆటలోనే తేల్చుకుందాం" అని నలుగురి ముందూ సవాలు చేసింది. కోడలు గెలిస్తే రేపు బస్సెక్కుతుంది. అత్తగారు గెలిస్తే రేడియో మీద పెట్టి ఉన్న కవరు పోస్టులో పడుతుంది.

ఆ కవరులో "కుటుంబ కారణాల వల్ల చేరలేకపోతున్నాను" అని ఉంది. రాసింది కుటుంబ కారణం కొడుకు, అంటే ఎలిజబెత్ భర్త బాలశౌరి. అతను రైల్వే తపాలాలో, అంటే ఆర్.ఎం.ఎస్.లో, సార్టరు. ఊళ్ళో వాళ్ళ ఉత్తరాలన్నీ ఏ గూటివి ఆ గూట్లో పడేస్తాడు గానీ, ఇంట్లో తల్లి మాట ఏ గూట్లో వెయ్యాలో, భార్య మాట ఏ గూట్లో వెయ్యాలో ఇంతవరకు తేల్చుకోలేదు. "మీరూ మీరూ తేల్చుకోండి, నాకేం అభ్యంతరం లేదు" అన్న వాక్యంతో పదకొండేళ్ళు లాక్కొచ్చాడు. ఆ కవరు పోస్టులో పడితే సాయంత్రం డ్యూటీలో దాన్ని తన చేత్తోనే గన్నవరం గూట్లో వెయ్యాలి. ఆ సంగతి తలుచుకుని కాబోలు, గుమ్మంలో నిలబడి మాటిమాటికీ రేడియో వైపు చూస్తున్నాడు.

"ఎలిజబెత్ వంతు," అన్నారు రామకోటేశ్వరరావుగారు.

ఆయన పక్కింటాయన. ముప్ఫై ఏళ్ళు కోర్టులో బెంచి క్లర్కుగా చేసి రిటైరయ్యారు. ఈ ఆటకు మధ్యస్థుడు ఆయనే. పోయిన క్రిస్మస్‌కి ఎలిజబెత్ తమ్ముడు జీవరత్నం, ఓడలో ఇంజనీరు, ఈ ఆట పెట్టె తెచ్చిచ్చి వెళ్ళాడు. బల్లా గళ్ళూ లేని వింత ఆట. ఒక్కొక్కరూ ఒక్కో మనిషిని కాగితం మీద పుట్టిస్తారు, యోధుడో, దొంగో, మంత్రగాడో, పూజారో. ఆ మనిషి పేరు మీద మాట్లాడతారు, కొట్లాడతారు, ఒక్కోసారి చస్తారు. ఎవరేం చేస్తే ఏమవుతుందో మధ్యస్థుడు చెబుతాడు. వేటు తగిలిందా లేదా అన్నది మాత్రం ఇరవై ముఖాల పాచిక చెబుతుంది.

ఆ పాచికని రెండో రోజే బాలశౌరి అరుగు మీంచి కాలవలోకి దొర్లించాడు. వన్ టౌన్‌లో బొమ్మలు అమ్మేవాడు ఆరు ముఖాలకి మించి అడిగినవాళ్ళని అనుమానంగా చూశాడు. ఒకటి నుంచి ఇరవై దాకా చీటీలు రాసుకుందాం అంది ఎలిజబెత్. "చీటీలు నలిగిపోతాయమ్మా, నా గవ్వలున్నాయిగా ఇరవై" అంది సంపూర్ణమ్మ. గ్లాసులో కలిపి ఒలకబోయడం, ఎన్ని నోరు పైకి పెట్టుకుని పడితే అంత. ఇరవై ముఖాలకి ఇరవై గవ్వలు. ఇంతకంటే సుఖమేముంది?

ఎలిజబెత్ గ్లాసు ఊపి ఒలకబోసింది.

"పది," అన్నారు రామకోటేశ్వరరావుగారు, నోట్‌బుక్‌లో రాసుకుంటూ. "పన్నెండు కావాలి. తగల్లేదు."

సంపూర్ణమ్మ గ్లాసు అందుకుంది. ఊపలేదు, గిలకరించలేదు, మజ్జిగ వంచినట్టు వంచింది.

"తొమ్మిది. సవాలు కింద మూడు కలిపితే పన్నెండు. తగిలింది. అమలమ్మకి ప్రాణాలు రెండు."

అమలమ్మ అంటే ఎలిజబెత్ కాగితం మీది మనిషి, డాలూ కత్తీ పట్టిన మామూలు సిపాయి. ఎనిమిది ప్రాణాలతో బరిలోకి దిగింది. సంపూర్ణమ్మ మనిషి పేరు శౌరమ్మ. అది సంపూర్ణమ్మ సొంత అత్తగారి పేరు. "ఆవిడ పేరు పెడితే చేతికి బలం వస్తుంది" అని ఏరి మరీ పెట్టుకుంది. శౌరమ్మకు ఆరు ప్రాణాలు. ఇంతసేపటికి పోయింది ఒక్కటి.

"వదినా, నువ్వు కొడుతుంటే నాకే గుచ్చుకుంటందే," అంది గీత అవతల పీట మీద కూర్చున్న రత్తమ్మ. కొల్లేటి నుంచి ఆదివారం ఆదివారం చేపలు తెచ్చి, గంప ఖాళీ అయ్యాక ఆటకి ఆగిపోయే మనిషి. ఆటలో ఆవిడ పూజారి. దెబ్బలు మాన్పుతుంది. "నా మందు సంచిలో మురిగిపోతంది. ఒక్క గుక్క పొయ్యనియ్యండి కోడలుపిల్లకి."

"మూడో నియమం," అన్నారు రామకోటేశ్వరరావుగారు తల ఎత్తకుండా. "సవాలు మధ్యలో మూడోవారు కలగజేసుకోరాదు."

"ఎవరు రాశారండీ అంత దయలేని మాట?"

"నేనే," అంది ఎలిజబెత్.

మూడోదే కాదు, పదకొండూ ఆమే రాసింది. వంటింటి మూలలో చిక్కుడుకాయలు తుంచుతూ ఆట వైపు ఓరగా చూసే అత్తగారిని ఆటలోకి లాగాలని, జీవరత్నం పుస్తకాల్లో లేని కొత్తరకం యోధుణ్ణి కల్పించింది. పేరు బరివీరుడు. గుంపులో కలవడు. డాలు పట్టడు. ఒక్క మనిషిని ఎంచుకుని, ఆ మనిషి మీదే తన బలమంతా పెడతాడు. సవాలు ఒప్పుకున్నాక అడ్డొచ్చేవాళ్ళుండరు, పారిపోయే దారుండదు. ఎవరిని చూసి రాసిందో ఇంట్లో అందరికీ తెలుసు. సంపూర్ణమ్మకీ తెలుసు. చదివి, "బాగుందమ్మా, సొంత మనిషిలా ఉన్నాడు" అంది.

కొత్తరకం కల్పించడం తేలికే, తూకం కుదర్చడమే కష్టం. మరీ బలవంతుణ్ణి చేస్తే మిగతావాళ్ళు ఆడటం దండగ, మరీ బక్కవాణ్ణి చేస్తే అత్తగారు మళ్ళీ చిక్కుడుకాయల దగ్గరికి పోతుంది. మూడు వారాలు లెక్కలు కట్టింది ఎలిజబెత్. మొదట, గ్లాసులో పద్దెనిమిది పడితే బరివీరుడు ఒక్క వేటుకి చంపెయ్యొచ్చని రాసింది. "అంత పెద్దవి నాకెందుకమ్మా," అంది సంపూర్ణమ్మ, "పడినదానికి ఓ మూడు కలుపుకోనియ్యి, చాలు." ఎంత నిరాడంబరమైన కోరిక అని ఎలిజబెత్‌కి ఆ రోజు అత్తగారి మీద దాదాపు ప్రేమ కలిగింది. పద్దెనిమిది కొట్టేసి మూడు రాసింది.

మామూలు యోధుడికి పన్నెండు పడాలి. అంటే ఇరవైలో తొమ్మిది ముఖాలు. బరివీరుడికి మూడు కలుస్తాయి కాబట్టి తొమ్మిది పడితే చాలు. అంటే పన్నెండు ముఖాలు. అందుకని వాడికి ప్రాణాలు తగ్గించి ఆరు ఇచ్చింది, మామూలువాడికి ఎనిమిది. తొమ్మిదెనిమిదులు డెబ్బై రెండు. పన్నెండార్లు డెబ్బై రెండు. మెతుకు కూడా అటూ ఇటూ లేదు. ఆ లెక్క తేలిన రోజు ఎలిజబెత్ ఒక్కర్తీ కూర్చుని కాఫీ తాగింది. బి.ఎస్సీ. పట్టా ట్రంకుపెట్టెలో పడిపోయి ఉన్నా తన తలకాయ ఇంకా పనిచేస్తోందని ఆమెకు ఎంతో తృప్తి. ఆ డెబ్బై రెండుని నమ్ముకునే సవాలు ఒప్పుకుంది.

మరి ఏడెనిమిది వంతులకే ప్రాణాలు ఎనిమిది నుంచి రెండుకెలా వచ్చాయి?

"పాలు పొంగుతున్నాయి," అన్నాడు బాలశౌరి గుమ్మంలోంచి.

ఇద్దరాడవాళ్ళూ ఒకేసారి లేవబోయి ఆగిపోయారు. నాలుగో నియమం: ద్వంద్వయుద్ధం ముగిసేదాకా ఇద్దరూ గీత దాటరాదు, దాటినవారు లొంగినట్టే. జపానికీ, పెరటికీ మాత్రం మధ్యస్థుడి సెలవుతో మినహాయింపు. పాల సంగతి అందులో లేదు.

"స్టవ్ దించండి," అంది ఎలిజబెత్.

"ఎటువైపు తిప్పాలి?"

"నీ పెళ్ళయి ఎన్నేళ్ళు నాయనా?" అంది రత్తమ్మ.

అతను లోపలికి వెళ్ళాడు. కాసేపటికి మాడు వాసన వచ్చింది.

ఎలిజబెత్ మళ్ళీ ఒలకబోసింది. పదకొండు. తగల్లేదు. సంపూర్ణమ్మ గ్లాసు అందుకుని వంచబోతుండగా రోడ్డు మీద బస్సు ఆగింది. "గన్నవరం, గన్నవరం, హనుమాన్ జంక్షన్, ఏలూరు" అని కండక్టరు కేక. గ్లాసు అంచు గచ్చుకి ఠంగున కొట్టుకుంది. మూడు గవ్వలు దొర్లుకుంటూ గీత దాటిపోయాయి.

"గవ్వ గీత దాటింది. వేటు చెల్లదు," అన్నారు రామకోటేశ్వరరావుగారు.

"ఉక్కపోత. చేతికి చెమట పట్టింది," అంది సంపూర్ణమ్మ. చెయ్యి చీరకు తుడుచుకుంది. ఎలిజబెత్ ఆ చెయ్యి చూసింది. పొడిగానే ఉంది. పొద్దుటినుంచి ఒక్క గవ్వను కూడా అటూ ఇటూ పోనివ్వని చెయ్యి.

"అన్నయ్యగారూ, మూడయింది. జపమాల చెప్పుకొస్తాను," అని సంపూర్ణమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచింది. మినహాయింపు ఉన్నదే కాబట్టి ఆయన తల ఊపారు. లోపలి గదిలో మరియమాత పటం ముందు ఆవిడ గొంతు సన్నగా మొదలైంది.

ఎలిజబెత్ గీత లోపలే ఉండిపోయింది. ఆమెకు జపం గుర్తు రాలేదు. డెబ్బై రెండు గుర్తొస్తోంది.

"బాబాయిగారూ, ఒకసారి మీ నోట్‌బుక్ ఇస్తారా?"

కోర్టు అలవాటు కొద్దీ ఆయన ఆరు నెలల్నుంచి పడిన ప్రతి గవ్వా రాసిపెట్టారు. తేదీ, మనిషి, సంఖ్య. ఎలిజబెత్ మొదటి పేజీ నుంచి వేలు పెట్టుకుంటూ వచ్చింది. పది, తొమ్మిది, పదకొండు, పది, ఎనిమిది, పన్నెండు, పది, తొమ్మిది. పేజీ తిప్పింది. పదకొండు, పది, పది. ఇంకో పేజీ. నాలుగో పేజీలో ఒక పద్నాలుగు కనిపించింది. పక్కన రామకోటేశ్వరరావుగారు ఎర్రసిరాతో గీత గీసుకున్నారు, అదేదో విశేషమైనట్టు. పదిహేడు కోసం వెతికింది. ఆరు నెలల్లో ఒక్కసారి పడింది, ఈస్టరు మర్నాడు. పంతొమ్మిది లేదు. ఇరవై లేదు. మూడు లేదు.

వేలు ఆగిపోయింది.

పాచికకి ఇరవై ముఖాలూ ఒకటే. ఒకటి ఎంత తరచుగా పడుతుందో, పదీ అంతే, ఇరవయ్యీ అంతే. గవ్వలు అలా కాదు. ఇరవై గవ్వలూ ఒకేలా నోరు తెరవాలంటే ఊరు ఊరంతా ఒకే మాట మీద నిలబడినట్టు. సగం ఇటూ సగం అటూ పడటమే వాటి స్వభావం. పది చుట్టూ మూగుతాయి. పన్నెండుకి తగ్గకుండా పడటం నాలుగుసార్లకి ఒకసారి; తొమ్మిదికి తగ్గకుండా పడటం నాలుగుసార్లకి మూడుసార్లు. పాచిక మీద మూడు కలిపితే చిరుతిండి. గవ్వల మీద మూడు కలిపితే విందుభోజనం.

ఇంటర్మీడియెట్ పిల్లలకి రెండో వారంలో చెప్పే లెక్క ఇది. ఎలిజబెత్ పాచికకి తూకం వేసి, గవ్వలతో ఆడింది. ఇంగ్లీషు పుస్తకంలో ఇరవై అని ఉంది, గ్లాసులో ఇరవై ఉన్నాయి, ఇంకేం చూసుకోలేదు.

ఇక ఆ పద్దెనిమిది. పద్దెనిమిది పడితే ఒక్క వేటుకి చంపొచ్చని తాను ఇస్తానంటే అత్తగారు వద్దంది. ఆరు నెలల్లో ఒక్కసారీ పడని పద్దెనిమిది. దాని బదులు "ఓ మూడు చాలు" అంది. చీటీలు నలిగిపోతాయంది.

సంపూర్ణమ్మ వచ్చి చాప మీద మెల్లగా కూలబడింది. కోడలి ఒళ్ళో నోట్‌బుక్ చూసింది.

"అత్తయ్యా, గవ్వల సంగతి మీకు ముందే తెలుసు."

"ఏ సంగతమ్మా?"

"పది దగ్గరే పడతాయని."

సంపూర్ణమ్మ మోకాలు రుద్దుకుంది. "ఆరో ఏట నుంచి గవ్వలాడుతున్నాను. పదీ పదకొండూ పడక ఏం పడతాయి?"

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు బి.ఎస్సీ. చదివావు. నాకు తెలిసింది నీకు తెలియదని నేనెలా అనుకుంటానమ్మా?"

రత్తమ్మ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. బాలశౌరి, మాడిన పాలగిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డవాడు, మళ్ళీ లోపలికి పోయాడు.

"బాబాయిగారూ," అంది ఎలిజబెత్, "లెక్క తప్పింది. ఈ మూడు ఒకటి కావాలి. ఒకటయితే తూకం దగ్గరికొస్తుంది."

రామకోటేశ్వరరావుగారు కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకున్నారు. నియమాల పుస్తకం తెరిచి, ఎలిజబెత్ చేతిరాతలోని తొమ్మిదో నియమాన్ని సమన్లు చదివినట్టు చదివారు. "ఆట మొదలైన తరవాత ఏ నియమాన్నీ, ఎవరూ, ఏ కారణం చేతనూ మార్చరాదు." ఆగి అన్నారు, "ఏ కారణం చేతనూ అన్న చోట కింద గీత కూడా గీశావమ్మా."

"పొరపాటున రాసిందానికి కూడానా?"

"పొరపాటు రాసినవారిది. అనుభవించాల్సిందీ వారే. ముప్ఫై ఏళ్ళలో నేను చూసిన దస్తావేజులన్నీ అంతే."

రత్తమ్మ ఏరిచ్చిన మూడు గవ్వలూ కలిపి ఎలిజబెత్ గ్లాసు తీసుకుంది. చేసేదేమీ లేక ఒలకబోసింది. పది. సంపూర్ణమ్మ వంచింది. పదకొండు, మూడు కలిపి పద్నాలుగు. తగిలింది.

"అమలమ్మకి ప్రాణం ఒకటి," అన్నారాయన. గొంతులో కాస్త జాలి ఉంది. కానీ నోట్‌బుక్‌లో జాలి రాసే గడి లేదు.

గాలి లేదు. గీత చుట్టూ ముగ్గురు మనుషులు, నాలుగు గోడలు, ఒక రేడియో, దాని మీద కవరు. ఇంకో వంతుకో రెండు వంతులకో శౌరమ్మ కత్తి దిగుతుంది. రేపు ఈపాటికి ఎలిజబెత్ చిక్కుడుకాయలు తుంచుతూ ఉంటుంది. ఎల్లుండీ. తరవాత ఎప్పుడూ. తన చుట్టూ గీసిన ప్రతి గీతా తన చేతిదే. తలుపు తనే చెక్కి, గొళ్ళెం తనే బిగించి, తాళం తీసుకెళ్ళి అత్తగారి బొడ్డున తనే దోపింది. ఎవరి మీదా కోపం తెచ్చుకునే వీలు కూడా లేదు. అదే అన్నిటికంటే ఉక్కగా ఉంది.

ఆమె ముందున్న పెన్సిలు వైపు చూసింది. అమలమ్మ కత్తి అది. శౌరమ్మ కత్తి సంపూర్ణమ్మ అల్లిక సూది. ఇద్దరి ముందూ, మొన ఎదుటి మనిషి వైపు పెట్టి ఉన్నాయి.

పదో నియమం ఒకటుంది. బరివీరుడు బలహీనుల మీద పడి దౌర్జన్యం చెయ్యకుండా రాసింది. ఎవరికీ ఇంతవరకు పనికిరాలేదు, ఎందుకంటే ఈ ఆటలో కత్తి దించేవాళ్ళెవరూ ఉండరు.

ఎలిజబెత్ పెన్సిలు తీసి గ్లాసు పక్కన అడ్డంగా పడుకోబెట్టింది.

"కత్తి దించాను," అంది. "పదో నియమం. ఆయుధం లేని మనిషి మీద మూడు చెల్లదు, వేటూ చెల్లదు. దించినంత మాత్రాన లొంగినట్టు కాదు."

రామకోటేశ్వరరావుగారు చదువుకున్నారు. ఇంకోసారి చదువుకున్నారు. "నిజమే. సంపూర్ణమ్మగారు కొట్టడానికి లేదు. ఎలిజబెత్ గెలవడానికి లేదు. ఎవరూ గీత దాటడానికి లేదు."

"అయితే ఎంతసేపు?" అన్నాడు గుమ్మంలోకి తిరిగొచ్చిన బాలశౌరి, గిన్నె ఇంకా చేతిలోనే.

ఎలిజబెత్ చూపు అత్తగారి మోకాళ్ళ మీద ఉంది. గచ్చు మీద గంట దాటి కూర్చోలేని మోకాళ్ళు అవి. రెండో ఉద్యోగానికి ముందు, మొదటి ఉద్యోగాన్ని మింగిన మోకాళ్ళు. పదకొండేళ్ళ తరవాత ఈ రోజు వాటివల్ల తనకేదో మేలు జరగొచ్చు.

సంపూర్ణమ్మ కోడలి చూపు ఎక్కడుందో చూసింది. పెదవి చివర కొద్దిగా కదిలింది. తరవాత ఎవరూ అనుకోని పని చేసింది. అల్లిక సూది తీసి పెన్సిలు పక్కన పడుకోబెట్టింది.

"నేనూ దించాను."

"అమ్మయ్య," అన్నాడు బాలశౌరి.

"ఆగు నాయనా," అన్నారు రామకోటేశ్వరరావుగారు, పేజీ తిప్పి. "పదకొండో నియమం. ఇద్దరూ ఆయుధం దించినచో పందెం రద్దు. అయితే బరి విడుచుటకు ముందు ఒకరినొకరు ఒక్కొక్క ప్రశ్న అడుగవలెను. నిజమే చెప్పవలెను. అబద్ధమాడినవారు ఓడినట్టు. ఇద్దరి జవాబులూ ముగిసిన పిమ్మటే ద్వంద్వం ముగిసినట్టు."

అది ఎలిజబెత్ పేజీ కింద నాలుగు గీతలు ఖాళీ మిగిలితే చూడ్డానికి బాగుండదని రాసిన నియమం. గ్రాంథికంలో రాస్తే హుందాగా ఉంటుందనుకుంది.

పందెం రద్దు. ఆమె గుండె ఒక్కసారి తేలికపడింది. రెండు ప్రశ్నలు, రెండు జవాబులు. రేపు తొమ్మిది గంటల బస్సు.

"సవాలు నాది. ముందు నేనడుగుతాను," అంది సంపూర్ణమ్మ. గొంతు పెంచలేదు. "ఆ ఉద్యోగం నీకు పాఠాలు చెప్పడానికా, నా నుంచి తప్పించుకోడానికా?"

రత్తమ్మ పీట మీద సర్దుకుంది. ఇరవై ఏళ్ళుగా చేప మొప్ప ఎత్తి తాజాదో కాదో చెప్పే మనిషి; ఆవిడ ముందు అబద్ధం దాగదు. దాగినా, ఎదురుగా ఉన్నావిడ దగ్గర దాగదు.

"పాఠాలు చెప్పడానికేనండి," అంది ఎలిజబెత్. ఆగింది. "అది సగం. మిగతా సగం... పొద్దున్నించి సాయంత్రం దాకా ఈ ఇంట్లో నా పేరు ఎన్నిసార్లు పిలుస్తారో ఒకరోజు లెక్కపెట్టాను అత్తయ్యా. నూట నలభై మూడు. నన్నెవరూ పిలవని నాలుగు గంటలు కావాలనిపించింది. మీ నుంచి ఒక్కరి నుంచే కాదు. అందరి నుంచీ."

బాలశౌరి చేతిలో గిన్నె వైపు చూసుకున్నాడు.

సంపూర్ణమ్మ గవ్వల వైపు చూసింది.

"నాలుగేనా?" అంది. "నేనైతే ఆరడిగేదాన్ని."

పదకొండేళ్ళలో మొదటిసారి ఎలిజబెత్‌కి ఆ ముఖం అత్తగారి ముఖంలా కనిపించలేదు. ఎవరింటి కోడలి ముఖంలానో కనిపించింది.

"నిజమే చెప్పింది," అంది రత్తమ్మ, అడక్కుండానే.

"నమోదు చేశాను. ఇప్పుడు ఎలిజబెత్ ప్రశ్న," అన్నారు రామకోటేశ్వరరావుగారు.

అడగవలసిన ప్రశ్న పదకొండేళ్ళుగా నోట్లోనే ఉంది. నన్నెందుకు కదలనివ్వరు? కానీ దానికి జవాబు మోకాళ్ళు అని వస్తుంది, అది నిజం కూడా అవుతుంది. ఎలిజబెత్ గీత అవతల, ఇందాక మూడు గవ్వలు దొర్లిపోయిన గోడ వార వైపు చూసింది.

"కండక్టరు గన్నవరం అని అరిచినప్పుడు మీ చెయ్యి ఎందుకు వణికింది అత్తయ్యా?"

సంపూర్ణమ్మ ఒళ్ళోని చెయ్యి రెండో చేతి కిందకి వెళ్ళింది. ఆవిడ రత్తమ్మ వైపు చూసింది. రత్తమ్మ ఎప్పుడూ ఎవరి ముఖాన్నయినా నదురూ బెదురూ లేకుండా చూసే మనిషి, ఇప్పుడు ఖాళీ గంప వైపు తిరిగింది. ఆ జవాబు రత్తమ్మకి తెలుసునని ఎలిజబెత్‌కి అప్పుడర్థమైంది. బాలశౌరికి తెలియదని కూడా.

"నిజమే చెప్పాలి కదూ," అంది సంపూర్ణమ్మ.

"తప్పదు," అన్నారు రామకోటేశ్వరరావుగారు.

"ఎప్పటిలోపు చెప్పాలో ఉందా అన్నయ్యగారూ?"

ఆయన పుస్తకం దగ్గరికి పట్టుకుని పదకొండో నియమం మొదటి నుంచి చివరిదాకా వేలు పెట్టి వెతికారు. పేజీ తిప్పి వెనక చూశారు. వెనక ఏమీ లేదు.

"గడువు రాయలేదమ్మా," అన్నారు ఎలిజబెత్‌తో, తప్పు తనదైనట్టు.

"జపానికీ, పెరటికీ వెళ్ళి రావచ్చు," అంది సంపూర్ణమ్మ, వేళ్ళు మడుస్తూ. "బడికి అన్న మాట ఎక్కడా లేదు. ద్వంద్వం ముగియందే గీత దాటితే లొంగినట్టు. అంతేగా?"

"అంతే."

"అయితే నిజమే చెబుతానమ్మా. ఇంత నిజం ఎవరికీ చెప్పలేదు, నీకే చెబుతాను." ఆవిడ కోడలి ముఖంలోకి సూటిగా చూసింది. ఆ చూపులో గెలిచిన సంతోషం వెతికింది ఎలిజబెత్. అది లేకపోవడంతోనే భయం వేసింది. "మంగళవారం చెబుతాను."

రోడ్డు మీద ఇంకో బస్సు ఆగింది. కండక్టరు ఊరి పేరు అరవబోయే లోపల సంపూర్ణమ్మ కొడుకు వైపు తిరిగింది.

"బాలశౌరీ, ఆ తలుపు వేసి, నా దిండు ఇలా తీసుకురా. మీ ఆవిడది కూడా."